లోపలి గడియ

నేను ఒక తలుపును. వీధి తలుపును అనుకునేరు, కాదు. పండగొస్తే పసుపు పూయించుకుని, మామిడాకుల తోరణం కట్టించుకుని, వచ్చేపోయే వాళ్ళ చేత ‘అబ్బ, ఏం తలుపండీ’ అనిపించుకునే భాగ్యం నాకెక్కడిది? నేను వంటింటి తలుపును. నాకు దక్కేవల్లా నూనె చేతులు, పిండి చేతులు, కోపమొస్తే కాలితో ఓ తాపు. రాజమండ్రి దానవాయిపేటలో ఒక పాత డాబా ఇంట్లో, హాలుకీ వంటింటికీ మధ్య నిలబడి నా బతుకంతా గడిపాను. నాకు రెండు ముఖాలు. ఒకటి హాలు చూస్తుంది, ఇంకోటి వంటిల్లు చూస్తుంది. హాల్లో అన్న మాటనే వంటింట్లోకి వచ్చాక కూడా అనే మనిషిని నేనింతవరకు చూడలేదు.

పుట్టింది మన్యంలో, టేకు చెట్టుగా. దుంగలుగా కోసి, తెప్ప కట్టి గోదావరి మీద దింపారు. కలప అడితిలో ఎండబెట్టి, మూడు పలకలు జోడించి, వెనక అడ్డచెక్కలు కొట్టి నన్ను తలుపును చేశారు. చేసిన వడ్రంగి పిడికిలితో నా గుండె మీద ఓ గుద్దు గుద్ది, “ఏనుగొచ్చి తోసినా విరగదండీ” అన్నాడు. ఆ మాటకి నేనెంత పొంగిపోయానో! చాలాకాలం దాన్నే తల్చుకుని మురిసిపోతూ ఉండేదాన్ని.

ఆ ఇల్లు కట్టించింది సోమయాజుల మాస్టారు. హైస్కూల్లో పాఠాలు చెప్పేవారు. వారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారికి మడి పట్టింపు. మడి కట్టుకుని వండుతుంటే ఎవరో ఒకరు తోసుకుని వచ్చేస్తున్నారని కమ్మరిని పిలిపించి, నాకు లోపలి వైపు జానెడు పొడుగు ఇనప గడియ వేయించింది. మేకులైతే ఊడతాయట. నట్లూ బోల్టులూ పెట్టించి, నా ఒంటికి ఇటు నుంచి అటు రెండు తూట్లు పొడిపించింది. ఆ గడియ చాటున ఆవిడ పాటించిన మడి ఎంతో, దేవుడికి పెట్టకముందే నోట్లో వేసుకున్న గారెలు ఎన్నో నాకు తెలుసు. చెప్పను లెండి, పెద్దావిడ.

వాళ్ళ తర్వాత ఒక ఫోటోగ్రాఫరు అద్దెకు దిగి, వంటింటిని చీకటి గది చేసుకున్నాడు. పెళ్ళికూతుళ్ళూ, గ్రూపు ఫోటోలూ నా వెనకే నీళ్ళలో తేలేవి. ఆయనా లోపల గడియ పెట్టుకునేవాడు. చిన్న వెలుతురు పడినా పనంతా పాడైపోతుందని భయం. ఆయనా వెళ్ళిపోయాక సూరిరెడ్డి కుటుంబం ఇల్లు కొనుక్కుని వచ్చింది. నా అసలు కథ అక్కడ మొదలైంది.

సూరిరెడ్డికి మెయిన్ రోడ్డులో టైల్స్ షాపు. మనిషి మంచివాడే గానీ, ప్రపంచమంతా తళతళలాడుతూ ఉండాలంటాడు. అతని భార్య నాగవేణి. డిగ్రీ చదివి, ఇంట్లోనే ట్యూషన్లు చెబుతుంది. సూరిరెడ్డి తల్లి మంగయమ్మ. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఎవరొచ్చినా తినకుండా పంపదు. వీళ్ళ ముగ్గురికీ కలిపి ఒక్కటే ప్రాణం, హంసిక. ఏడేళ్ళ పిల్ల. నా అడ్డచెక్క మీద కాలు పెట్టి, నన్ను పట్టుకుని ఊగుతూ ఎక్కాలు అప్పజెప్పేది. నా ఒంటి మీద అంత ప్రేమగా చెయ్యి వేసింది ఆ ఇంట్లో అదొక్కతే.

ఆ పిల్లకి మూర్ఛ.

ఒకరోజు హాల్లో బొమ్మలు గీసుకుంటూ గీసుకుంటూ పక్కకి ఒరిగిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి, కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. కాసేపటికి తగ్గింది. డాక్టరు మందులు రాశాడు. “వాడుతుంటే చాలావరకు అదుపులో ఉంటుంది. వచ్చినప్పుడు పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. పిల్లని ఒంటరిగా మాత్రం వదలకండి, చూపు ఉండాలి” అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాటలు నా ముందే అనుకున్నారు. నాగవేణి ‘చూపు ఉండాలి’ అన్నది పట్టుకుంది. మంగయమ్మకి మాత్రం వేరే భయం పట్టుకుంది.

“ఎవరికీ తెలవకూడదు” అంది మంగయమ్మ. “మా ఊళ్ళో ఓ పిల్లకిలాగే వచ్చేదే అమ్మాయ్. మూర్ఛల పిల్ల అని పేరెట్టేశారు. ముసల్దై పోయేదాకా అదే పేరు. దానసలు పేరేంటో నాకే తెలవదు. నా మనవరాలికి ఆ పేరు పడితే నేను బతకలేను.”

ఆ మాటంటూ ఆవిడ పైటతో ముఖం తుడుచుకుంది. అందుకే ఆ ముసలావిణ్ణి నేను పూర్తిగా తిట్టలేను.

అప్పట్నుంచీ ఎవరైనా ఇంట్లో ఉన్నప్పుడు పిల్లకి వస్తే, మంగయమ్మ చటుక్కున ఎత్తుకుని వంటింట్లోకి తెచ్చి, నన్ను మూసి, లోపల గడియ పెట్టేది. ఇనుము తగిలితే దిగుతుందని పిల్ల చేతిలో తాళాల గుత్తి పెట్టేది. నాగవేణి ఆ గుత్తి తీసి పక్కన పడేసి, పిల్లని పక్కకి తిప్పేది. ఇదంతా గుసగుసల్లోనే. హాల్లో సూరిరెడ్డి టీవీ గొంతు పెంచి, వచ్చినవాళ్ళతో గట్టిగా నవ్వుతూ టైల్స్ గురించి మాట్లాడేవాడు. నా ఒక ముఖం ఆ నవ్వు చూసేది, రెండో ముఖం ఆ పిల్లని చూసేది. పిల్లకి తెలివొచ్చేసరికి కళ్ళ ముందు గ్యాస్ సిలిండరూ, ఉల్లిపాయల బుట్టా. ప్రతిసారీ అదే గచ్చు మీద లేచేది. నేనేం తప్పు చేశాను అన్నట్టు తల్లి ముఖంలోకి చూసేది.

నాగవేణికి ఆ చూపు భరించడం కష్టమైంది. దానికితోడు వంట చేస్తున్నంతసేపూ హాల్లో పిల్ల ఏమైందోనని ప్రాణం కొట్టుకునేది. పోపు వేసి పరుగు, కూర కలిపి పరుగు. మిక్సీ వేసిందంటే ఇక ఏమీ వినపడదు. అన్నం ఎన్నిసార్లు మాడిందో నాకు తెలుసు, ఆ వాసన ముందు తగిలేది నాకే. ఒకరోజు అన్నం తింటున్న భర్తతో అనేసింది.

“ఏవండీ, ఈ గోడ తీయించేద్దాం. వంటిల్లూ, భోజనాల చోటూ, హాలూ అన్నీ ఒకటే చేసేద్దాం. నేను పొయ్యి దగ్గర నిలబడితే పిల్ల కనపడాలి.”

సూరిరెడ్డి ముఖం వెలిగిపోయింది, తనకి నచ్చిన కారణానికి. “ఓపెన్ కిచెనా! ఎప్పట్నుంచో అనుకుంటున్నా. మధ్యలో ఐలాండ్ గట్టు పెడదాం, పైన నల్ల గ్రానైటు. కింద మా కొత్త స్టాకు వేస్తే అద్దంలో చూసుకున్నట్టుంటుంది.”

గోడ తీసేస్తే తలుపుకేం పని? నిజం చెప్పాలంటే పిల్ల సంగతి ఆ క్షణంలో తోచనే లేదు. నా బతుకే కళ్ళ ముందు మెదిలింది, పాత సామాన్ల బండీ, కట్టెల పొయ్యీ.

కాగితం మీద గీసిచ్చిన ప్లాను నాగవేణికి బుర్రకెక్కలేదు. సోఫాలు గోడకి నెట్టేసి, ముగ్గుపిండి తెచ్చి, గచ్చు మీదే ఇల్లు గీసేసింది. ఇక్కడ పొయ్యి, ఇక్కడ సింకు, ఇక్కడ భోజనాల బల్ల, అక్కడ పిల్ల చదువుకునే చోటు. అన్నీ అసలు కొలతల్లోనే. తర్వాత ఖాళీ గరిటె పట్టుకుని, ముగ్గు పొయ్యి ముందు తూర్పుకి తిరిగి నిలబడి, ఉత్తుత్తి కూర కలుపుతూ ఎడమ వైపుకి తల తిప్పి చూసేది. “హంసీ, అక్కడ కూచో. ఇప్పుడు సోఫా మీదకి పో. ఇప్పుడు బల్ల కిందకి దూరు.” ఎక్కడ పిల్ల మరుగు పడితే అక్కడ గీత చెరిపి మళ్ళీ గీసేది. ఐలాండు గీత మూడుసార్లు చెరిగాక సూరిరెడ్డికి రోషమొచ్చింది.

“నా ఐలాండు నీకేం చేసిందే?”

“దాని మూలలు పిల్ల తల ఎత్తున ఉన్నాయండీ” అంది నాగవేణి. ఈసారి అతనే కాలితో ఆ గీత చెరిపేశాడు.

మంగయమ్మ ఇదంతా గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఘాటు హాలంతా కమ్మేస్తుందంది, వచ్చినోళ్ళందరి కళ్ళూ కూరల మీదే పడతాయంది. చిమ్నీ పెడదామన్నారు. దాంతో ఆవిడే లేచొచ్చి, గుప్పెడు పిండి తీసుకుని, ఒక మూల నాలుగు గీతలు గీసింది.

“ఇక్కడో చిన్న గది ఉండాలి. దీనికి ఈ తలుపే పెట్టండి. గట్టి తలుపు.”

“ఎందుకమ్మా?” అన్నాడు కొడుకు.

“పచ్చడి జాడీలకి.”

నాగవేణి చేతిలోని గరిటె ఆగిపోయింది. ఆ గది ఎందుకో ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. “అత్తయ్యా, మళ్ళీ దాన్ని దాచడానికేనా?” అంది. “ఈ గోడ పడగొట్టేదే అది కనపడాలని కదా?”

“ఎవరైనా వచ్చినప్పుడు ఏం చేత్తావ్? అందరి ముందూ పిల్లని గచ్చు మీద కొట్టుకోమంటావా?” మంగయమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నువ్వు చదువుకున్నావు గానీ జనాన్ని చూళ్ళేదే అమ్మాయ్.”

ఆ రోజు నాగవేణి ఆ నాలుగు గీతల్నీ చెరపలేకపోయింది. నేనైతే లోపల్లోపల మంగయమ్మకి దణ్ణం పెట్టుకున్నాను. నాకు చోటు దొరికింది, ఇంకేం కావాలి!

ఆ ముగ్గు ఇంకా చెరగకముందే, ఒక మధ్యాహ్నం అనపర్తి నుంచి మంగయమ్మ చెల్లెలు ఆదిలక్ష్మి దిగింది. ఇల్లు మారుస్తున్నారని విని చూడ్డానికొచ్చింది. ఆవిడ చెవిన పడిందంటే ఊళ్ళన్నిటికీ తెలిసినట్టే. మంగయమ్మ ఆవిణ్ణి చూడగానే ఓ నవ్వు నవ్వి, పిల్ల వైపు ఓ చూపు చూసింది. భోజనానికొచ్చిన సూరిరెడ్డి గదిలో నడుం వాల్చాడు. నాగవేణి వంటింట్లో అరటికాయ బజ్జీలు వేస్తోంది. కోతులొస్తున్నాయని పెరటి తలుపుకి లోపల గడియ వేసే ఉంది. మొదటి వాయి పళ్ళెంలో పెట్టుకుని హాల్లోకి వచ్చింది. “ఒక్క నిమిషం పిన్నీ, రెండో వాయి వేస్తా” అంటూ పళ్ళెం చేతికిస్తోంది. లోపల బాణట్లో నూనె కాగుతూనే ఉంది.

నేలమీద బొమ్మలు గీసుకుంటున్న హంసిక పెన్సిలు ఆపింది. మూర్ఛ వచ్చేముందు దానికి కళ్ళ ముందు మెరుపులు మెరిసేవి. మామ్మ ముఖంలోకి చూసింది. మంగయమ్మ చెల్లెలి వెనక నుంచి కళ్ళతోనే సైగ చేసింది, వంటింట్లోకి పో అని. పిల్లని నడిపించడానికి తాను లేవబోయింది, ఈలోగా ఆదిలక్ష్మి ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. హంసిక తనంతట తానే లేచి, తూలుకుంటూ నా దగ్గరికి వచ్చింది. లోపలికి దూరింది. నన్ను మూసింది. మునికాళ్ళ మీద లేచి, మామ్మ చేసినట్టే, గడియ పెట్టేసింది.

గడియ పెట్టమని దానికెవరూ చెప్పలేదు. దాక్కోవాలంటే అలాగే చెయ్యాలని పిచ్చితల్లి చూసి నేర్చుకుంది.

రెండడుగులు వేసి పడింది. తల వంటగట్టు మూలకి తగిలింది. పాదాలు నా వైపు, తల పొయ్యి వైపు. ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది, మోకాలు గట్టు కింద సిలిండరుకి టకటకా తగులుతోంది. గట్టు పైన నూనె పొగ చిమ్ముతోంది. బాణలి పొయ్యి మీద కొద్దిగా వాలి ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. చూడ్డం తప్ప తలుపు ఏం చెయ్యగలదు?

“లోపలేదో చప్పుడైంది?” అంది ఆదిలక్ష్మి.

“ఏదో గిన్నె పడుంటాదిలే” అంది మంగయమ్మ. ఆవిడ ముఖం పాలిపోయి ఉంది. ఆ ముక్క అనేసి, పెదవి కొరుక్కుంది.

నాగవేణి అప్పటికే నా మీద పడింది. తోసింది. నేను కదల్లేదు. “హంసీ! హంసీ!” రెండు చేతులతో బాదింది. అప్పుడు అర్థమైంది ఆమెకి, లోపల గడియ పడి ఉందని. నూనె వాసన నా సందుల్లోంచి హాల్లోకి వెళ్ళింది.

ఆమె వీధి గుమ్మంలోంచి పెరట్లోకి పరిగెత్తింది. వంటింటి కిటికీకి ఊచలున్నాయి, వాటి మధ్యనుంచి కూతురు కనపడుతోంది, చెయ్యి పెడితే అందదు. తల్లి గొంతులోంచి వచ్చిన ఆ కేక నేను మళ్ళీ వినాలనుకోను. గోడకి ఆనించిన మునక్కాయలు కోసే కొక్కెం దోటీ లాక్కుని ఊచల్లోంచి లోపలికి దూర్చింది. ఆ కర్ర వణుకుతూ, వణుకుతూ, పిల్ల మీదుగా పొయ్యి దగ్గరికి వచ్చింది. బాణలికి తగిలితే నూనెంతా పిల్ల మీదే. కొక్కెం బాణలి అంచుకి వెంట్రుకవాసిలో ఆగింది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. మా పాత పొయ్యికి మీట కాస్త పొడుగు. కొక్కెం దానికి తగులుకుంది, జారింది, మళ్ళీ తగులుకుంది. మంట ఆరిపోయింది.

మంట ఆరింది గానీ పిల్ల తలకింద గచ్చు ఎర్రబడుతోంది.

ఆ కేకకి లేచొచ్చిన సూరిరెడ్డి హాల్లో భుజంతో నన్ను గుద్దుతున్నాడు. ఏనుగొచ్చి తోసినా విరగననిపించుకున్న దాన్ని కదా, విరగలేదు. ఆ మాటకి మురిసిపోయిన నా టేకు ఒళ్ళంటే నాకప్పుడు అసహ్యం పుట్టింది. ఛీ, చెద పట్టినా బాగుండేది! “ఏమైందిరా సూరీ, పిల్ల లోపలెందుకు గడియెట్టుకుంది?” అంటోంది ఆదిలక్ష్మి. సూరిరెడ్డి తల్లి వైపు చూశాడు. చెప్పాలా వద్దా అని ఆ సమయంలో కూడా చూశాడు!

మంగయమ్మ లేచి నిలబడింది. చెల్లెలి ముందు, కిటికీలు తీసున్న హాల్లో, వీధి మొత్తానికి వినపడేలా అరిచింది.

“మూర్ఛరా! నా పిల్లకి మూర్ఛరా! లోపల పడి ఉందిరా! గునపం తెచ్చి పగలగొట్టరా!”

సూరిరెడ్డి గునపం తెచ్చాడు. నాకూ ద్వారబంధానికీ మధ్య దూర్చి, ఒళ్ళంతా వేసి నొక్కాడు. గడియ వంగింది, ద్వారబంధం నిలువునా చీలింది. నేను తెరుచుకున్నాను. పిల్ల పాదాలు నాకు తగిలేంత దగ్గరలో ఉన్నాయి. “మెల్లగా, మెల్లగా” అంటూ కిటికీ అవతల నుంచి నాగవేణి ఏడుస్తోంది. అతను నన్ను చేత్తో ఆపుతూ, పక్కగా లోపలికి జారాడు. పిల్లని పక్కకి తిప్పాడు. అప్పటికి కొట్టుకోవడం తగ్గి, ఊపిరి బరువుగా తీస్తోంది. కనుబొమ్మ పైన చీలి రక్తం కారుతోంది. ఆదిలక్ష్మి తన పైట కొంగు మడిచి గాయం మీద అదిమిపెట్టింది. ఆసుపత్రికి వెళ్ళేదాకా ఆ చెయ్యి తీయలేదు.

పిల్ల దక్కింది. నుదుటి మీద కుట్లు పడ్డాయి, అంతే.

మర్నాడు మంగయమ్మ తడిగుడ్డ తెచ్చుకుని, మూల గీసిన నాలుగు గీతల దగ్గర కూలబడింది. గచ్చు అరిగిపోయేలా తుడిచింది. “పచ్చళ్ళ గది వద్దు” అంది కోడలితో. “గోడ తీయించెయ్యి. ఆ తలుపుని నా కళ్ళ ముందుంచకు. పొయ్యిలో పెట్టు.”

ఆదిలక్ష్మి చెప్పకుండా ఉంటుందా? అనపర్తి చేరేలోపు బస్సులో సగం మందికి తెలిసిపోయి ఉంటుంది. ఫోన్లొచ్చాయి. ఒకరు తాయెత్తు కట్టమన్నారు, ఒకరు నాటుమందన్నారు, ఒకావిడ మాత్రం తన కొడుక్కీ ఉందనీ, ఏ డాక్టరు దగ్గర చూపిస్తున్నారనీ అడిగింది. నలుగురు నాలుగు మాటలన్నారు. మంగయమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. తర్వాత తింది.

గోడ పడగొట్టారు. నన్ను ఊడదీసి పెరట్లో గోడకి ఆనించారు. ఎండకి ఎండుతూ, ఎప్పుడు గొడ్డలి వస్తుందా అని చూస్తున్నాను. వచ్చింది నాగవేణి, వెంట వడ్రంగిని పెట్టుకుని. గ్రానైటు బల్ల వద్దందట, గాజు బల్ల అసలే వద్దందట. “దీన్ని భోజనాల బల్ల చేసివ్వండి. నాలుగు మూలలూ గుండ్రంగా చిత్రిక పట్టాలి. పిల్ల పడ్డా తగలకూడదు” అంది. మంగయమ్మ గయ్యిమంది. “అత్తయ్యా, టేకుని తగలెడతామా? గడియ తీయించేశాను లెండి” అంది కోడలు. ఆవిడ వచ్చి, గడియ ఊడదీసిన చోట వేళ్ళతో తడిమి చూసుకుంది.

కింద గరుకు టైల్సు పడ్డాయి. సూరిరెడ్డి షాపులో ఎవరూ కొనకుండా మిగిలిపోయిన రకం. వాటిని చూసినప్పుడల్లా నిట్టూరుస్తాడు. ఇప్పుడు నేను నిలబడి లేను, పడుకుని ఉన్నాను. ఒక ముఖం సీలింగు ఫ్యాను చూస్తుంది, రెండో ముఖం అందరి మోకాళ్ళూ చూస్తుంది. రాజ్యలక్ష్మమ్మ గారు పొడిపించిన తూట్లలో ఒకదాన్ని వడ్రంగి పూడ్చి, రెండోది మరిచిపోయాడు. హంసిక తనకి ఇష్టంలేని కాకరకాయ ముక్కలు అందులోంచి కిందకి జారవిడుస్తుంది. వేడి గిన్నెలు గుడ్డ వేయకుండా పెట్టేస్తారు నా మీద, ఒక్కరికీ బుద్ధిలేదు.

మొన్నో ఆదివారం ఆదిలక్ష్మి తన కొత్త వియ్యంకుణ్ణీ, వియ్యపురాలినీ వెంటబెట్టుకుని భోజనానికొచ్చింది. నా చుట్టూ అందరూ కూర్చున్నారు. నాగవేణి పొయ్యి దగ్గర అప్పడాలు వేయిస్తోంది. హంసిక ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయింది. ముందుగా చూసింది నాగవేణి. అంత దూరం నుంచి, ఎడమ వైపుకి తల తిప్పి. “అత్తయ్యా!” అంది పొయ్యి కట్టేస్తూ.

పక్కనే ఉన్న మంగయమ్మ పిల్లని ఒడిసిపట్టుకుంది. పాత అలవాటున కళ్ళు ఒక్కసారి వంటింటి వైపు వెళ్ళాయి. అక్కడ గోడా లేదు, నేనూ లేను. చేతిలో తాళాల గుత్తి లేదు. పిల్లని మెల్లగా నేల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టింది. వియ్యపురాలు కంగారుపడి లేచి నిలబడింది.

“కూచోండమ్మా” అంది మంగయమ్మ. పిల్ల వీపు మీంచి చెయ్యి తీయలేదు. “మా మనవరాలు హంసిక. మూర్ఛొస్తాది, కాసేపట్లో తగ్గిపోద్ది. మీరు తినండి. ఆదీ, వాళ్ళకి పప్పు వడ్డించు.”

ఆదిలక్ష్మి గరిటె అందుకుంది. పప్పు వడ్డించింది. ఎవరూ సరిగ్గా తినలేదు గానీ, ఎవరూ లేచి వెళ్ళలేదు.

నా కింద ముఖానికి ఆ పిల్ల కనపడుతూనే ఉంది. కొట్టుకోవడం తగ్గింది. కళ్ళు తెరిచింది. ఉల్లిపాయల బుట్ట కోసం, సిలిండరు కోసం వెతుక్కుంది. కుర్చీల కాళ్ళూ, మనుషుల కాళ్ళూ, తన వైపు వంగిన ముఖాలూ కనపడ్డాయి.

“మామ్మా, నేనెక్కడున్నాను?”

“ఎక్కడికీ తీసుకెళ్ళలేదే తల్లీ” అంది మంగయమ్మ ఏడుస్తూ. “అన్నం దగ్గరే ఉన్నావ్. లే, నెయ్యేసి కలుపుతాను.”